సబర్మతి ఒడ్డున మోగ్

1970 వేసవి. అహ్మదాబాదులో, సబర్మతి ఒడ్డున ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లోకి అడుగుపెట్టారు మీరు. బయట ఎండ ఇంకా దిగలేదు. మీ ఎదుట చెక్క పెట్టెల్లో బిగించిన లోహపు పలకలు, వాటి నిండా నాబ్‌లు, గుండ్రటి రంధ్రాలు. పక్కన తీగల కుప్ప. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో రాబర్ట్ మోగ్ తయారుచేయించిన సింథసైజర్ ఇది. నిరుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దీన్ని ఇక్కడ నిలబెట్టాడు. 1952లో పియానో ముందు కూర్చుని ఒక్క స్వరమూ వాయించకుండా అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ మౌన రచనను తొలిసారి ప్రదర్శించినాయన ఈయనే.

స్విచ్ వేయండి. ఏమీ వినిపించదు. చెడిపోలేదు లెండి. వీణకు కుండ, తీగ, మెట్లు ముందే కలిపి మన చేతికిస్తారు. ఇక్కడ ఆ కలపడం కూడా మీ పనే.

ఒక తీగ తీసుకోండి. దాని చివరనున్న ప్లగ్గు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు గుచ్చిన పావు అంగుళం ప్లగ్గు వంశానిదే. తరంగాలను పుట్టించే ఆసిలేటర్‌లోంచి రంపపు పళ్ల ఆకారపు తరంగాన్ని తీసి తిన్నగా స్పీకరుకు పంపండి. జుయ్యిమంటూ ఒకటే మోత. మొరటుగా ఉంది కదా? మూల స్వరం పైన పలికే అనుస్వరాలన్నీ అందులో కిక్కిరిసి ఉన్నాయి మరి. ఆ తీగను పీకి, మధ్యలో ఫిల్టర్‌ను పెట్టండి. నాబ్ మెల్లగా ఎడమకు తిప్పండి. పైనున్న అనుస్వరాలు ఒక్కొక్కటే తెగిపోతున్నాయి. నోరు తెరిచి ‘ఆ’ అంటూ, పెదవులు ముడుస్తూ ‘ఊ’ దాకా రండి. మీ నోరు చేస్తున్నదే ఆ పలక వెనకా జరుగుతోంది. ట్రాన్సిస్టర్లను జంటలు జంటలుగా నిచ్చెన మెట్లలా పేర్చిన సర్క్యూట్ అది. మోగ్‌కు దానిమీద పేటెంట్ వచ్చింది 1969లోనే. ఆయన చేసిన వాటన్నిటిలో చెవికి ఎక్కువ గుర్తుండేది ఇదే అని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు గమ్మత్తు. ఇంకో ఆసిలేటర్‌ను సెకనుకు ఐదారు ఊపులకు దించండి. అంత నెమ్మదైన కంపనం చెవికి స్వరంగా వినిపించదు. దాని తీగను మొదటి ఆసిలేటర్ శ్రుతిని శాసించే రంధ్రంలో గుచ్చండి. స్వరం వణుకుతుంది. అదే తీగను అక్కడినుంచి తీసి ఫిల్టర్‌కు ఇవ్వండి. ధ్వని మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. యాంప్లిఫయర్‌కు ఇస్తే బిగ్గరా మెల్లగా ఊగుతుంది. తీగ ఒకటే, వోల్టేజీ ఒకటే. గుచ్చిన చోటే మారింది. మోగ్ డిజైన్ మొత్తానికీ ఆయువుపట్టు ఇక్కడుంది. శ్రుతి, గొంతు, బిగ్గరతనం అని సంగీతం విడదీసి చూసేవన్నీ ఈ యంత్రానికి ఒకే సరుకు, వోల్టేజీ. అందుకే దేన్ని దేనితోనైనా కలపొచ్చు, అర్థంలేని వాటితో సహా. నిజానికి అర్థంలేనివే ఎక్కువ బాగుంటాయి.

శ్రుతికీ లెక్క ఉంది. ఒక వోల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది: 110 హెర్ట్జ్ 220 అవుతుంది, ఇంకో వోల్టుకు 440. చెవి హెచ్చవేతల్లో వింటుంది కాబట్టి, కూడికలను హెచ్చవేతలుగా మార్చే సర్క్యూట్ లోపల పెట్టారు. దాంతో మొత్తం పాటను పై శ్రుతికి ఎత్తాలంటే కాస్త వోల్టేజీ కలిపితే చాలు. ఆ సర్క్యూట్‌కు వేడంటే పడదు. అహ్మదాబాదు వేసవిలో ఈ మాట మీకు నేను చెప్పక్కర్లేదు. సరిచేసిన షడ్జమం కాసేపటికి జారిపోతుంది. మళ్లీ నాబ్ పట్టుకోండి.

పట్టుకున్నాక గమనించండి. పియానో మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం ఇక్కడ సుమారు 83 మిల్లీవోల్టులు. నాబ్‌కు మెట్లు లేవు. ఆ సందులో ఎక్కడైనా ఆగొచ్చు, జారొచ్చు, ఊగొచ్చు. అమెరికాలో మోగ్ పేరు మోగించిన వెండీ కార్లోస్ 1968 రికార్డు బాఖ్ సంగీతం. అది ఈ యంత్రాన్ని కీబోర్డు వాద్యంగానే జనం మనసులో నాటింది. కాలిఫోర్నియాలో ఇలాంటి యంత్రాలే చేసిన డాన్ బుక్లా మాత్రం నలుపు తెలుపు మెట్లు వద్దనుకున్నాడు. గమకాలు విని పెరిగిన చెవి బుక్లా వైపే మొగ్గుతుందని నాకనిపిస్తుంది. ఈ స్టూడియోలో పనిచేసినవారిలో పఖావజ్ నేర్చిన గీతా సారాభాయి ఉన్నారు. 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం చెప్పింది ఆమే. ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా కూడా ఇక్కడి స్వరకర్తలే. జోషిపురా చేసినదాని పేరు ‘స్పేస్ లైనర్ 2001’. గీత సోదరుడు విక్రమ్ సారాభాయి ఇస్రోకు ఊపిరిపోసింది కూడా 1969లోనే అని గుర్తొస్తే, ఆ పేరు వింతగా తోచదు.

మీరు కట్టిన తీగల అల్లిక బాగా కుదిరిందా? దాచుకునే వీలు లేదు. ఈ యంత్రానికి జ్ఞాపకశక్తి లేదు. తర్వాతి మనిషి వచ్చి తీగలు పీకితే ఆ ధ్వని పోయినట్టే. కాగితం మీద గీసుకున్నా, నాబ్‌లు వెంట్రుకవాసి అటూఇటూ అయితే ఇంకోలా పలుకుతుంది. పైగా ఒక కట్టుకు ఒక గొంతే. రెండోది కావాలంటే మొదటిదాన్ని టేపు మీదకు ఎక్కించి, తీగలన్నీ విప్పి, మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి ఆలస్యం చేయకుండా టేపు తిప్పండి. 1972 తర్వాత ఈ పనులు ఆగిపోతాయి. సంస్థ భాండాగారంలో ఉండిపోయిన రీళ్లను బ్రిటన్ కళాకారుడు పాల్ పర్గస్ వెతికి బయటికి తీశాక, 2023లో ‘ద ఎన్ఐడీ టేప్స్’ పేరుతో అవి లోకానికి వినిపిస్తాయి.