లదేణి నుంచి టెక్స్‌టైల్ పార్కు దాకా: ఓరుగల్లులో మనవాళ్ల బతుకుదెరువు

హాస్టల్ అడ్మిషన్ ఫారంలో ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. మేము వార్డెన్‌గా చేరిన కొత్తలో ఆ గడిలో ‘వ్యవసాయం’ లేదా ‘కూలీ’ అనే రాసేవాళ్లం. ఇప్పుడు పిల్లలు ఆటో డ్రైవర్, సెంట్రింగ్ మేస్త్రీ, హైదరాబాద్‌లో వాచ్‌మన్ అని చెప్తున్నారు. తల్లి ఏం చేస్తుందని అడిగితే మాత్రం ‘ఏం చెయ్యదు మేడం, ఇంట్లోనే ఉంటది’ అంటారు. ఆ తల్లే మిరపకాయ సీజన్‌లో తెల్లవారకముందే ట్రాలీ ఎక్కి ఏరడానికి పోతుంది. ఆ పని ఏ కాగితంలోనూ ఉండదు.

మన జిల్లాలో పనులు ఎలా మారుతూ వచ్చాయో, ఆ మార్పుల్లో మనవాళ్లు ఎక్కడ నిలబడ్డారో మీకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

రైలు వచ్చింది, ఎద్దులు ఆగాయి

మన తాతల తాతలు లదేణి చేసినవాళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. 1886లో నిజాం రైలు వరంగల్‌కు వచ్చింది, 1889 నాటికి బెజవాడ దాకా వెళ్లింది. సముద్రపు ఉప్పు రైలెక్కాక ఎద్దు వెనుకబడింది. తిరిగే కుటుంబాలు అడవి అంచుల్లో, బీడు భూముల్లో తండాలు కట్టుకుని పశువులు మేపుతూ, కూలికి పోతూ స్థిరపడ్డాయి. ఆ రోజుల్లోనే ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడే వరకు ఆ గనులు వరంగల్ జిల్లాలోనివే. అంటే మన జిల్లాలో రైలు, బొగ్గు దాదాపు ఒకేసారి వచ్చాయి. పాత బతుకుదెరువు పోయినంత వేగంగా కొత్తది మన చేతికి రాలేదు.

మిల్లు మోగింది, మూగబోయింది

1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మొదలైంది. ఇక్కడ పండిన పత్తి ఇక్కడే దారమై, బట్టయ్యేది. వేల కుటుంబాలు ఆ సైరన్‌తోనే నిద్ర లేచేవి. 1974లో మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది, 2002లో మూతపడింది. మగ్గం తెలిసిన చాలా కుటుంబాలు భివండీ, సూరత్ దారి పట్టాయి.

దేశంలో బీటీ పత్తి విత్తనానికి అనుమతి వచ్చింది కూడా 2002లోనే. చేలల్లో పత్తి పెరుగుతూ పోయింది, వడికే మిల్లు మాత్రం లేదు. పత్తి ఎనుమాముల మార్కెట్‌కు వచ్చి, జిన్నింగ్ అయి, బేళ్లుగా బయటి ఊళ్లకు పోతోంది. విలువ పెరిగే పని దూరంగా జరిగింది. అప్పు, పురుగు, వాన ఇవన్నీ మాత్రం మన దగ్గరే మిగిలాయి. 1997-98లో ఈ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతా చదివింది. పెద్దవాళ్లను అడగండి, ఆ ఏడాదిని వాళ్లు మరిచిపోలేదు.

మంగపేట మండలం కమలాపురంలో కలప గుజ్జు తయారుచేసే రేయాన్స్ ఫ్యాక్టరీ ఉండేది. అదీ 2014లో ఆగిపోయింది. ఆ చుట్టుపక్కల గూడేలకు వేసవిలో తునికాకు, వానాకాలంలో నాట్లు మళ్లీ ప్రధాన ఆధారమయ్యాయి.

ఈ మూసివేతల్లో ఒక సంగతి గమనించండి. పర్మినెంట్ రోలులో పేరున్న కార్మికుడికి పీఎఫ్, ఎంతో కొంత పరిహారం అడిగే హక్కు ఉంటుంది. బస్తాలు మోసినవాడికి, దినకూలీకి ‘రేపటి నుంచి రావద్దు’ అన్న మాటే దక్కుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఆ రెండో వరుసలోనే ఉన్నారు.

కాగితం మీదికి ఎక్కిన పేర్లు

1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. తండా పిల్లలకు హాస్టల్ తలుపు, సర్కారు కొలువు తలుపు అప్పుడు తెరుచుకున్నాయి. మాలాంటివాళ్లం టీచర్ ట్రైనింగ్ చేసి నిలబడ్డామంటే అందులో ఆ జాబితా పాత్ర ఉంది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో వరంగల్ ఒకటి. మన తల్లుల్లో ఎందరికో పనిచేసే మనిషిగా పేరు రాసిన మొదటి కాగితం ఆ మస్టర్ రోలే.

అయితే కాగితం మీది హక్కు కూడా శాశ్వతం కాదు. ఏజెన్సీ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ వైపు డీఎడ్, బీఎడ్ చేసి ఆశపడిన పిల్లలకు అది పెద్ద దెబ్బ. 2022లో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ ఆరు నుంచి పది శాతానికి పెరిగింది. కానీ పది శాతం వాటా అక్కరకు రావాలంటే ముందు నోటిఫికేషన్ రావాలి. దాని కోసం ఎదురుచూస్తూ ఏళ్లు గడుపుతున్న పిల్లలు మా ఎరుకలోనే ఎందరో ఉన్నారు.

ఇప్పుడు వస్తున్న పని

2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. కేరళకు చెందిన కిటెక్స్, కొరియాకు చెందిన యంగ్‌వన్ లాంటి సంస్థలు అక్కడికి వచ్చాయి. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2020లో మడికొండకు ఐటీ కంపెనీలు వచ్చాయి. బట్టలు కుట్టే పరిశ్రమల్లో ఆడపిల్లలకే ఎక్కువ పని ఉంటుంది కాబట్టి ఇది మీ ఇంటి ముందుకు వచ్చిన విషయమే.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయి డిగ్రీ అయ్యాక ఒక బట్టల కంపెనీలో చేరింది. ఆరు నెలలు బాగానే చేసింది. తీజ్ పండుగకు సెలవు పెట్టి తండాకు వెళ్లి వచ్చేసరికి ‘నీ జాగాలో వేరేవాళ్లను తీసుకున్నాం’ అన్నారట. అడగడానికి ఆమె దగ్గర నియామక పత్రం లేదు. జీతం కాంట్రాక్టర్ చేతికే ఇచ్చేవాడు, పీఎఫ్ నంబరు కూడా లేదు. ‘మేడం, నేను అక్కడ పనిచేసినట్టు ఎట్ల చూపెట్టాలె?’ అని ఆమె అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది.

అందుకే పిల్లలూ, పని చిన్నదని వదలకండి. పని దొరికిందని కళ్లు మూసుకుని చేరకండి. చేరేరోజే నియామక పత్రం, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు అడగండి. జీతం బ్యాంకులో వేయమనండి. ఇంటర్ తర్వాత అందరూ ఒకే పరీక్షకు కూర్చోకుండా కొందరు ఐటీఐకి, కొందరు నర్సింగ్‌కు, కొందరు మిషన్ శిక్షణకు వెళ్లండి. ఒకే మిల్లును నమ్ముకున్న ఊరు ఏమైందో చూశాం కదా.

ఈ ఏడాది అడ్మిషన్లప్పుడు మేము ఒక పని మొదలుపెట్టాం. తల్లి ‘ఏం చెయ్యదు’ అని ఏ పిల్లయినా అంటే పెన్ను పక్కన పెట్టి, ‘మీ అమ్మ పొద్దున లేచి ఎక్కడికి పోతుందో చెప్పు’ అని అడుగుతున్నాం. ఆ పిల్ల చెప్పిందే రాస్తున్నాం.