మీటిన తీగ ఎంతసేపు పలుకుతుంది?

గిటార్ నేర్చుకునే కుర్రాళ్ళందరికీ ఏదో ఒక దశలో ఒకటే జబ్బు పట్టుకుంటుంది. శాంటానా లాగా ఒక్క స్వరం మీటి కళ్ళు మూసుకుంటే, అది అలా సాగుతూనే ఉండాలి. మనం మీటింది మాత్రం "టింగ్" మని మరుక్షణమే చచ్చి ఊరుకుంటుంది. దీనికి అందరూ చెప్పే మందు ఒక్కటే: హై గెయిన్ వాల్వు యాంప్లిఫయర్ కొను, గెయిన్ నాబ్ చివరికంటా తిప్పు.

వరంగల్ లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్లో ఈ మందు గురించి జరిగినంత చర్చ సెమిస్టర్ పరీక్షల గురించి కూడా జరగలేదు. (వాల్వు యాంప్ ఎవడి దగ్గరా లేదనుకోండి, ఉన్నవన్నీ పది వాట్ల ట్రాన్సిస్టర్ డబ్బాలే :)) ఆ చర్చల్లో ఎప్పుడూ రెండు పక్షాలు. కరెంటు లేకపోతే గిటారే లేదనేది ఒక పక్షం. కరెంటు పెట్టి వాయించేది అసలు సంగీతమే కాదు, అది మన సంప్రదాయానికి పడదు అనేది రెండో పక్షం. ఈ రెండు పక్షాలకీ ఒకేసారి సమాధానం చెప్పిన మనిషి పాలకొల్లులో పుట్టారు. ఆయన దగ్గరికి వెళ్ళేముందు అసలు సమస్య ఏమిటో చూద్దాం.

ఫ్లూటుకి ఊపిరి ఉంది, వయొలిన్ కి కమాను ఉంది. వాయించినంతసేపూ శక్తి అందుతూనే ఉంటుంది. మీటే వాద్యాలకి ఆ సుఖం లేదు. మీటిన క్షణంలో ఇచ్చిన శక్తే పెట్టుబడి, ఆ తర్వాతంతా ఖర్చే. వీణ, గిటార్, మాండలిన్, అన్నిటి కథా ఇదే. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. తీగ ఒక్కటే కదిలితే శబ్దం వినపడదు, చెక్క పెట్టె కూడా కదలాలి. పెట్టె ఎంత బాగా కదిలితే అంత గట్టిగా వినపడుతుంది, కానీ తీగలోని శక్తి అంత తొందరగా అయిపోతుంది. అంటే గట్టిగా పలికితే తక్కువసేపు, ఎక్కువసేపు పలికితే మెల్లగా. రెండూ కావాలంటే కుదరదు.

ఈ బేరాన్ని మొదటిసారి చెడగొట్టింది కరెంటు. 1932లో అమ్మకానికొచ్చిన రికెన్‌బాకర్ "ఫ్రయింగ్ పాన్" గిటార్ లో తీగల దగ్గర అయస్కాంతాలు, ఒక కాయిల్ పెట్టారు. తీగ కదిలితే కాయిల్ లో కరెంటు పుడుతుంది. శబ్దం చేసే పని యాంప్లిఫయర్ చూసుకుంటుంది కాబట్టి ఇక పెట్టె కదలాల్సిన అవసరం లేదు. ఈ సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్ళిన వాడు లెస్ పాల్. 1940 ప్రాంతంలో ఒక చెక్క దుంగకి తీగలు బిగించి, చూడ్డానికి గిటార్ లా ఉండాలని రెండు పక్కలా గిటార్ ముక్కలు తగిలించాడు. దాని పేరే "ది లాగ్", అంటే దుంగ. దుంగ కదలదు, తీగలోని శక్తి తీగలోనే ఉంటుంది, స్వరం సాగుతుంది. 1950లో ఫెండర్, 1952లో గిబ్సన్ ఇలాంటి గట్టి చెక్క గిటార్లు బజార్లోకి తెచ్చారు.

మరి వాల్వు సంగతేమిటి? మన తాతల ఇళ్ళలో స్విచ్చి వేసిన అర నిమిషానికి గానీ పలకని రేడియోలు ఉండేవి గదా, వాటిలో ఎర్రగా వెలిగే గాజు గొట్టమే ఇది కూడా. దాని నుంచి ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ రాబట్టబోతే, అల పైభాగం కత్తిరించినట్టు అయిపోతుంది. రేడియో ఇంజనీర్లకి అది లోపం, రాక్ గిటారిస్టులకి అదే వరం. లండన్ లో జిమ్ మార్షల్ తన దుకాణంలో 1962-63 ప్రాంతంలో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగా యాంప్ లు చెయ్యడం మొదలుపెట్టాడు. 1966లో జాన్ మేయల్ ఆల్బంలో ఎరిక్ క్లాప్టన్ ఒక లెస్ పాల్ గిటార్ ని మార్షల్ యాంప్ కి తగిలించి, స్టేజీ మీద పెట్టినంత సౌండ్ స్టూడియోలోనూ పెడతానని పట్టుబట్టి వాయించాడు. లీడ్ గిటార్ అంటే ఇలా ఉండాలని ఒక తరానికి తెలిసింది అప్పుడే. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో రాండాల్ స్మిత్ ఒక వాల్వు దశ తర్వాత ఇంకో దశ గొలుసుగా పేర్చి మీసా బూగీ యాంప్ చేశాడు. శాంటానా చేతిలో పడి అది ప్రసిద్ధమైంది. హై గెయిన్ యాంప్ లన్నిటికీ ఇదే దారి.

ఇక్కడ మన వాళ్ళకి నచ్చే చిన్న లెక్క ఒకటి. తీగ కదలిక ప్రతి సెకనుకీ సగం అవుతోందనుకోండి. యాంప్ ఇవ్వగలిగిన గరిష్ఠం 1, తీగ మొదటి కదలిక కూడా 1. గెయిన్ 64 పెట్టారు. ఇన్‌పుట్ ని 64 తో గుణిస్తే వచ్చింది, లేదా 1, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది బయటికొస్తుంది. ఇన్‌పుట్ 64వ వంతుకి పడిపోయేదాకా ఔట్‌పుట్ 1 దగ్గరే ఉంటుంది. అంటే ఆరు సెకన్లు. తీగ చచ్చిపోతూనే ఉంది, మనకి తెలియడం లేదంతే. హై గెయిన్ స్వరానికి ఆయుష్షు పొయ్యదు, దాని చావుని దాచిపెడుతుంది.

మరి గెయిన్ రెట్టింపు చేసి 128 పెడితే? ఏడు సెకన్లు. ఒక్క సెకనే పెరిగింది. గురక లాంటి రొద మాత్రం రెట్టింపయింది. పైగా రెండు మూడు స్వరాలు కలిపి వాయిస్తే అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దయిపోతాయి. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా బయటికొచ్చేది 1 మాత్రమే, వేలి బరువుకి విలువ పోయింది. అందుకే అనుభవమున్న వాళ్ళు గెయిన్ కొంచెం తగ్గించి, వాల్యూం పెంచి, స్పీకర్ కి ఎదురుగా నిలబడతారు. స్పీకర్ లోంచి వచ్చిన గాలి తీగని మళ్ళీ కదిలిస్తుంది, ఆ కదలిక మళ్ళీ స్పీకర్ కి వెళ్తుంది. స్వరం నిజంగా సాగేది అక్కడ, ఖర్చయిన శక్తి తిరిగి జమ అవుతుంది కనుక. 1960లలో హెండ్రిక్స్ స్టేజీ మీద యాంప్ కి దగ్గరగా, దూరంగా తిరిగింది ఆటకి కాదు.

సరే, ఇప్పుడు పాలకొల్లు. ఉప్పలపు శ్రీనివాస్, అదే మాండలిన్ శ్రీనివాస్, 1969 ఫిబ్రవరి 28న పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ తీసి చిన్నతనంలోనే వాయించడం మొదలుపెట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటని తీగ మీదికి తెచ్చుకునేవాడు. నా దృష్టిలో ఈ కథకి కీలకం ఇదే. గొంతు ఒక ఊపిరిలో స్వరం నుంచి స్వరానికి జారుతుంది, ఊగుతుంది, నిలుస్తుంది. దాన్ని అనుకరించాలంటే ఒక్క మీటు మీద అయిదారు స్వరాలు పలకాలి, అంతసేపూ తీగ బతికుండాలి.

అలాంటి పనికి మాండలిన్ బహుశా అన్నిటికంటే పనికిరాని వాద్యం. తీగ పొట్టిది, బిగువు ఎక్కువ, స్వరం పుట్టగానే పోతుంది. ఇటలీ వాళ్ళు దానికి కనిపెట్టిన ఉపాయం ట్రెమొలో, అంటే ఒకే స్వరాన్ని గబగబా మళ్ళీ మళ్ళీ మీటడం. దూరం నుంచి వింటే సాగినట్టే ఉంటుంది, కానీ గమకం పలకదు. పైగా మాండలిన్ కి జంట తీగలు నాలుగు. జంటని ఒకే శ్రుతిలో ఉంచి పక్కకి లాగడం నరకం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటలు వదిలేసి, విడి తీగలు అయిదు పెట్టుకున్నారు. లెస్ పాల్ దుంగ వెనకున్న సమస్య, పాలకొల్లు పిల్లవాడి సమస్య ఒకటే: స్వరం నిలవాలి. కరెంటు దాకా ఇద్దరిదీ ఒకే దారి. అక్కణ్ణించి దారులు విడిపోయాయి. రాక్ గిటారిస్టులు వాల్వుని పిండి చావుని దాచారు. శ్రీనివాస్ శుభ్రమైన ధ్వనే ఉంచుకుని, యాంప్ నుంచి బలం మాత్రం తీసుకుని, మిగతాది ఎడమ చేతితో చేశారు. మెల్లని మీటుకీ బరువైన మీటుకీ తేడా పోతే గమకం పోతుంది కాబట్టి కర్ణాటక సంగీతానికి ఈ దారే సరిపడుతుంది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించేసరికి వయసు పన్నెండు. విదేశీ వాద్యం, దానికి తోడు కరెంటు అని ముఖం చిట్లించిన పెద్దలు అప్పుడు లేకపోలేదు. వయొలిన్ కూడా ఐరోపా నుంచే వచ్చిందని, దాన్ని పట్టుకునే మన ద్వారం వెంకటస్వామినాయుడు గారు అంతటి వారయ్యారని గుర్తుచేస్తే సరిపోయేది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి చెవులు చిల్లులు పడేలా గిటార్ వాయించిన జాన్ మెక్లాఫ్లిన్, రిమెంబర్ శక్తిలో శ్రీనివాస్ పక్కన కూర్చుని వాయించాడు. 2000లో వచ్చిన "ది బిలీవర్", 2001లో వచ్చిన "సాటర్డే నైట్ ఇన్ బాంబే" వినండి, వెతుకుతున్న స్వరం ఇద్దరిదీ ఒకటే అనిపిస్తుంది.

ఇంకో ముచ్చట. కెనడాకి చెందిన మైకేల్ బ్రూక్ "ఇన్ఫినిట్ గిటార్" అని ఒకటి తయారుచేశాడు. తీగ కదలికని పెంచి, తిరిగి ఆ తీగకే అందించి, స్వరాన్ని కావలసినంతసేపు నిలబెట్టే ఏర్పాటది. 1987లో యూ2 బృందం "విత్ ఆర్ వితౌట్ యూ" పాటలో సాగే గిటార్ దానిదే. ఆ బ్రూక్ 1995లో రియల్ వరల్డ్ సంస్థకి "డ్రీమ్" అనే ఆల్బం చేశాడు, మన శ్రీనివాస్ తో. అంతులేని స్వరం కోసం యంత్రం కట్టినవాడు, అదే స్వరాన్ని వేళ్ళతో సాధించినవాడు ఒకే ఆల్బంలో కలిశారన్నమాట.

ఈ రెండో పక్షం వాళ్ళ వాదన గురించి ఒక మాట చెప్పాలి, అందులోనూ వరంగల్ వాళ్ళకి. కాకతి గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1253-54లో "నృత్త రత్నావళి" రాశాడు. వాద్యాల మీద "వాద్య రత్నావళి" కూడా రాశాడని చెబుతారు, అది మనకి దక్కలేదు. వాద్యాలని తీగవి, గాలివి, చర్మానివి, లోహానివి అని నాలుగు జాతులుగా విడదీయడం జాయపకి చాలా ముందే, నాట్యశాస్త్రం నాటికే ఉంది. ఏది శబ్దాన్ని పుట్టిస్తుందో చూసి చేసిన విభజన అది, ఏ దేశం నుంచి వచ్చిందో చూసి కాదు. వీణకి బుర్ర ఎలాగో ఎలక్ట్రిక్ మాండలిన్ కి యాంప్లిఫయర్ అలాగ, అది వాద్యంలో భాగమే, పైన తగిలించిన సామాను కాదు. పనస చెక్కని తొలిచి కుండ చేసినవాడు ఆనాటి ఇంజనీరే గదా.

2014 సెప్టెంబర్ 19న శ్రీనివాస్ చెన్నైలో చనిపోయారు. 45 ఏళ్ళే. అంత తక్కువ ఆయుష్షులో ఆయన తేల్చిన లెక్క నాకు ఇలా అర్థమైంది: స్వరాన్ని నిలబెట్టడానికి కరెంటు కావాలి, ఆ నిలిచినంతసేపట్లో ఏం చెప్పాలో కరెంటు చెప్పదు. కొత్త యాంప్ కొనబోయే వాళ్ళకి నా సలహా ఒకటే. గెయిన్ సగం దగ్గర ఆపి, ఒక్క స్వరం మీటి, అది పోయేలోపు ఎడమ చేత్తో ఎన్ని స్వరాలు పలికించగలరో లెక్కపెట్టుకోండి. ఆ అంకె పెరుగుతుంటే యాంప్ ఏదైనా ఫరవాలేదు.