రమణక్కపేట ఇనుపకొలుములు: వృత్తి, ప్రవృత్తి

నూజివీడనగానే మామిడితోటలు, వీణలు స్ఫురించును, ఇనుము స్ఫురింపదు. కాని పదునెనిమిదవ శతాబ్ది చివర నిచ్చటికి వచ్చిన యొక పరిశీలకుని దృష్టి నాకర్షించినది ఇనుమే. సామర్లకోటలో కంపెనీవారి వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండిన డాక్టరు బెంజమిన్ హైనె నూజివీటికి చేరువనున్న రమణక్కపేట ఇనుపకొలుములను గూర్చి 1795లో నివేదిక వ్రాసెను. అది 1814లో లండనున ప్రకటితమైన యతని వ్యాససంపుటిలో చేరినది. 1971లో ధర్మపాల్ తన గ్రంథమున దానిని పునర్ముద్రించెను. కమ్మరమును ఇంటిల్లిపాదికి ప్రవృత్తిగా చేపట్టవచ్చునన్న తలపు నేడు వినవచ్చుచున్నది. కావున ఈ విద్య యొకప్పుడు ఇంటిలో నెట్లు నిలిచెనో, ఏల అంతరించెనో విచారించుట అవసరమని తలచుచున్నాము.

ఇనుపపని రెండు తెఱగులు. ఖనిజమునుండి ఇనుము తీయుట యొకటి. ఆ ఇనుమును సాగగొట్టి పనిముట్లు చేయుట రెండవది. మొదటి పనికి మట్టికొలిమిలో బొగ్గును ఖనిజమును పోసి తిత్తులతో నూదుదురు. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలయును. మట్టికొలిమి యంత వేడిమి నందుకొనలేదు. కావున మలినము చిట్టెముగా కరగి జాఱును. ఇనుము మాత్రము బెజ్జములతో కూడిన ముద్దగా నిలుచును. దానిని మరల కాచి సమ్మెటతో మోదగా మోదగా మిగిలిన చిట్టెము వెడలిపోవును. బొగ్గు కాల్చుటకు, ఖనిజము చేర్చుటకు, తిత్తి యూదుటకు, సమ్మెట వేయుటకు పలువురు కావలయును. నిప్పు రంగును చూచి అదను తెలిసికొనుట పెద్దలవద్ద నిలిచి నేర్వవలసినదే. ఇల్లే కార్ఖానా, ఇల్లే పాఠశాల యగుటకు కారణమిది.

హైనె నివేదికను బట్టి, 1790-92 నాటి కఱవునకు ముందు రమణక్కపేటలో 40 కొలుములుండెను. వెండిపనివారును రాగిపనివారును పెక్కురుండిరి. అందఱును కలిమితో బ్రతికిరి. కఱవు తరువాత మిగిలినవారు దీనస్థితిలో నుండిరి. గమనింపదగిన దేమనగా, కఱవు వలన గనిలోని ఖనిజము తఱుగలేదు. తఱిగినవి చేతులు. విద్య యొక కుటుంబమునందే యున్నపుడు ఆ కుటుంబము చెడిన విద్యయు చెడును.

దీనికి కఱవొక్కటియే కారణమా యని శంకింపవచ్చును. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమును పరికింతము. అచ్చటి మూసలలో తయారైన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. ఆ పనిని డాక్టరు వాయిసీ పరిశీలించి వ్రాసినది 1832లో ప్రకటితమైనది. ఆ విద్యయు నిలువలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో సీమయినుము చౌకగా దిగుమతి యయ్యెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో అడవిబొగ్గునకు అడ్డంకులు హెచ్చెను. ఇనుము తీయువారు లేకపోయిరి. కొన్న ఇనుముతో కఱ్ఱులు, కొడవండ్లు, గొడ్డండ్లు చేయు కమ్మరులు మాత్రము మిగిలిరి. ఒకచోట కఱవు, ఒకచోట సంత, వేఱొకచోట చట్టము నిమిత్తములైనవి. విద్య కొన్ని యిండ్లకే పరిమితమై యుండుట అన్నిటికిని సామాన్యమైన బలహీనత.

వ్రాతలు మిగిలినవి కదా యనవచ్చును. కాని వ్రాత కంటికి కనబడినదానిని చెప్పును. చేతికి తెలిసినదానిని చెప్పలేదు. ఇచ్చటనే ప్రవృత్తికి ప్రయోజనము కలదు. ఉత్తర అమెరికాలో వృత్తిగా క్షీణించిన కమ్మరమును అభిరుచితో చేపట్టినవారును కలసి 1973లో కళాకమ్మరుల సంఘమును స్థాపించిరి. ఆ విద్య అచ్చట పుట్టుకతో ముడివడక అభ్యాసముతో ముడివడినది.

మనకు వారికంటె నొక సౌకర్యము కలదు. మన పల్లెలలో కొలిమి యింకను పూర్తిగా చల్లారలేదు. చిన్నకొలిమి, దాగలి, సుత్తె, పట్టకారు సమకూర్చుకొని తండ్రియు బిడ్డలును ఒక కొక్కెమో, మేకో చేయ నారంభింపవచ్చును. అయితే కమ్మరిని గురువుగా నెంచి, అతని శ్రమకు తగిన మూల్యమిచ్చి నేర్వవలయును. లేనిచో అతని విద్య మనకు వినోదమగును, అతని కూడు అతనికి దూరమగును. కమ్మరి బిడ్డయు కమ్మరి పొరుగువాని బిడ్డయు ఒకే దాగలి చెంత నిలుచుననాడు, రమణక్కపేటకు పట్టిన గతి మిగిలిన విద్యకు పట్టదు. పరిశోధకవిద్యార్థులు గ్రంథాలయముతోపాటు కొలిమి గడపను కూడ త్రొక్కుదురు గాక యని మా యాశ.