యాప్‌లలో ‘కనిపించని బొమ్మలు’ మన మనసు మార్చేస్తాయా? అసలు నిజం ఇదీ..

మల్కాపురం (విశాఖపట్నం): ఫోన్‌లో వీడియో చూస్తుంటే మధ్యలో రెప్పపాటు కన్నా తక్కువ సేపు ఓ లోగో మెరుస్తుంది. మనం చూశామన్న సంగతి కూడా మనకు తెలియదు. కానీ ఆ తర్వాత అదే యాప్ మీద ఇష్టం పుట్టి డౌన్‌లోడ్ చేసేస్తాం.. ఇలాంటి మాటలు చాలామంది వినే ఉంటారు. షిఫ్ట్ దిగి సింధియా జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డ కార్మికుడి నుంచి గాజువాక వెళ్లే స్టూడెంట్ వరకు అందరి చేతుల్లోనూ ఫోనే. మరి ఈ మాటల్లో నిజమెంత? వివరాలు చూద్దాం.

సబ్‌లిమినల్ అంటే ఏంటి?

కన్ను పట్టుకున్నా, ‘చూశాను’ అని మనసుకు తెలియనంత వేగంగా చూపించే బొమ్మనే సబ్‌లిమినల్ చిత్రం అంటారు. సాధారణంగా సెకనులో చాలా చిన్న వంతు సేపే బొమ్మ చూపిస్తారు. వెంటనే దాని మీద ఇంకో బొమ్మ వేసి కప్పేస్తారు.

పాప్‌కార్న్ కథ అబద్ధం

మల్కాపురంలో అప్పటి కాల్టెక్స్, ఇప్పటి హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మొదలైన 1957లోనే అమెరికాలో ఈ రచ్చ మొదలైంది. న్యూజెర్సీలోని ఓ థియేటర్‌లో సినిమా మధ్య ‘పాప్‌కార్న్ తినండి’, ‘కోకాకోలా తాగండి’ అనే మాటల్ని సెకనులో 3 వేల వంతు సేపు మెరిపించానని, అమ్మకాలు బాగా పెరిగాయని జేమ్స్ వికరీ అనే మార్కెటింగ్ పరిశోధకుడు ప్రకటించాడు. జనం హడలిపోయారు. అయితే 1962లో ఆయనే అదంతా ఓ జిమ్మిక్కు అని, తన దగ్గర సరైన లెక్కలే లేవని ఒప్పుకున్నాడు. కథ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మరి ప్రయోగాల్లో ఏం తేలింది?

అలాగని అంతా ఉత్తదే అనడానికీ లేదు. 1980లో కున్‌స్ట్ విల్సన్, జాయెన్స్ అనే సైకాలజిస్టులు వంకర టింకర అష్టభుజి బొమ్మల్ని ఒక్క మిల్లీసెకను చొప్పున చూపించారు. ఏది ముందు చూశారని అడిగితే జనం చెప్పలేకపోయారు. ఏది నచ్చిందని అడిగితే మాత్రం 100కి దాదాపు 60 సార్లు ముందు మెరిసిన బొమ్మనే ఎంచుకున్నారు. అంటే తెలియకుండా చూసినా కాస్త ఇష్టం పుడుతుందన్నమాట.

2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఓ కూల్‌డ్రింక్ పేరు మెరిపించి చూశారు. అప్పటికే దాహంగా ఉన్నవాళ్ల మీదే అది పనిచేసింది. దాహం లేనివాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. లేని కోరికను ఆ బొమ్మ పుట్టించలేకపోయింది.

యాపిల్ లోగో చూపిస్తే..

కంప్యూటర్ల విషయంలో బాగా పేరొచ్చిన ప్రయోగం 2008 నాటిది. కొందరికి యాపిల్ లోగో, ఇంకొందరికి ఐబీఎం లోగో తెలియకుండా మెరిపించారు. తర్వాత ‘ఇటుకతో ఏమేం చేయొచ్చో చెప్పండి’ అన్నారు. యాపిల్ లోగో చూసినవాళ్లు కొత్త కొత్త ఉపయోగాలు ఎక్కువగా చెప్పారు. ఆ బ్రాండ్ అంటే ‘క్రియేటివ్’ అని ఏళ్ల తరబడి యాడ్స్‌లో చూసి ఉండటమే కారణమని పరిశోధకుల వివరణ. అయితే ఈ తరహా ప్రయోగాల్లో కొన్నింటిని మళ్లీ చేసి చూస్తే అవే ఫలితాలు రాలేదు. అందుకే ఎఫెక్ట్ చిన్నది, కాసేపే ఉంటుంది అన్నంతవరకే నమ్మాలి.

మన ఫోన్‌లో సాధ్యమేనా?

మామూలు ఫోన్ స్క్రీన్ సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్క బొమ్మ కనీసం 16 మిల్లీసెకన్లకు పైగా తెర మీద ఉంటుంది. వీడియోలో దాచిన ఫ్రేమ్‌ను పాజ్ చేసి పట్టేయొచ్చు. 2000 అమెరికా ఎన్నికల్లో ఓ టీవీ యాడ్‌లో ‘ర్యాట్స్’ అనే మాట సెకనులో 30వ వంతు మెరిస్తే, అదీ బయటపడి పెద్ద రచ్చ అయింది. యూరోపియన్ యూనియన్ అయితే సబ్‌లిమినల్ పద్ధతులతో మనుషులకు తీవ్ర నష్టం చేసే ఏఐని 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది.

అసలు దెబ్బ కనిపించే చోటే!

జేబుకు చిల్లు పెట్టేది కనిపించని బొమ్మ కాదు, కళ్ల ముందున్న బటనే. ‘ఓకే’ పెద్దగా, పచ్చగా ఉంటుంది. ‘వద్దు’ మాత్రం మూలన, వెలిసిన రంగులో ఉంటుంది. ‘ఇంకా 5 నిమిషాలే’ అంటూ టైమర్ పరిగెడుతుంది. ఫ్రీ ట్రయల్ అంటారు, నెల తిరిగేసరికి డబ్బులు కట్ అవుతాయి. వీటినే ‘డార్క్ ప్యాటర్న్స్’ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు, సాఫ్ట్‌వేర్ వాడకం మీద దొంగచాటు బిల్లింగ్, వైరస్ ఉందని భయపెట్టి నకిలీ టూల్ అంటగట్టడం.. ఇవన్నీ ఆ లిస్టులో ఉన్నాయి.

ఏం చేయాలి?

* యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో విడిగా క్యాన్సిల్ చేయాలి. యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ లిస్టు కూడా చూసుకోవాలి.
* లోన్ యాప్ మీ కాంటాక్ట్స్, ఫొటోలు అడిగితే ఆగిపోండి. అప్పు ఇచ్చే యాప్‌లు వాటి జోలికి వెళ్లకూడదని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది.
* ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’ అనే పాప్-అప్ వస్తే నొక్కకుండా ఆ పేజీ మూసేయండి.
* డార్క్ ప్యాటర్న్ కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.