చమురు దారికి తీరవాసుల కాపలా

అలాస్కా ఉత్తరపు కొసన ప్రూడో బే వద్ద వెలికితీసిన ముడిచమురు 1,287 కిలోమీటర్ల పైపులైన్ ద్వారా దక్షిణాన వాల్డీజ్ రేవుకు చేరి, అక్కడ ట్యాంకర్ నౌకలకెక్కి, కొండల నడుమకు చొచ్చుకువచ్చిన ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయ గుండా బయటి జలాల్లోకి సాగడం 1977లో మొదలైంది. సాల్మన్, హెర్రింగ్ చేపల వేటపై బతికే ఆ తీరంలోని కార్డోవా పట్టణ మత్స్యకారులు ఈ మార్గాన్ని తొలినుంచీ వ్యతిరేకించినా, 1973లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టంతో పైపులైన్‌కు అనుమతినిచ్చింది. వేల సంఖ్యలో నౌకలు పెను ప్రమాదమేదీ లేకుండా దాటిపోయేసరికి, భద్రతపై అధికారులకూ కంపెనీలకూ ఉండవలసిన శ్రద్ధ క్రమంగా సన్నగిల్లింది.

1989 మార్చి 24న అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు, కొలంబియా హిమానీనదం నుంచి విరిగి తేలివచ్చిన మంచుగడ్డలను తప్పించుకొనేందుకు నిర్ణీత మార్గాన్ని వీడిన ఎక్సాన్ వాల్డీజ్ నౌక సకాలంలో వెనక్కి మళ్లక, బ్లై రీఫ్ అనే రాతి తిప్పకు గుద్దుకోగా, సుమారు 4 కోట్ల లీటర్ల చమురు సముద్రం పాలైంది. తెట్టు పరుచుకోకముందే బూమ్‌లతో, అంటే నీటిపై తేలే అడ్డుకట్టలతో చుట్టేసి, స్కిమ్మర్ యంత్రాలతో పైపైన తోడివేయడమే ఇటువంటి వేళ చేయవలసిన పని. కానీ ఆ సామగ్రిని మోసుకెళ్లాల్సిన బార్జి మరమ్మతులో ఉన్నందువల్ల, ప్రణాళిక ప్రకారం ఐదు గంటల్లో అందవలసిన సాయం పన్నెండు గంటలు గడిచినా అందలేదు. మూడో రోజు చెలరేగిన తుపానుగాలి తెట్టును దూరదూరాలకు చెదరగొట్టగా, కాలక్రమంలో దాదాపు 2,100 కిలోమీటర్ల తీరం కలుషితమైంది. సముద్రపక్షులే రెండున్నర లక్షల వరకు చనిపోయాయని అంచనా. ఆ గందరగోళంలో సొంత పడవలతో బయలుదేరి, సాల్మన్ పిల్లలను పెంచే కేంద్రాలకు అడ్డుకట్టలు కట్టి కాపాడినవారు స్థానిక మత్స్యకారులే.

నష్టపోయేవారికి నిఘాలో స్థానం ఉండాలన్న ఆలోచన ఈ అనుభవం నుంచే బలపడింది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని సల్లమ్ వో చమురు రేవులో స్థానికుల ప్రమేయంతో సాగుతున్న పర్యవేక్షణ ఈ ఆలోచనకు నమూనాగా నిలిచింది. మత్స్యకారులు, ఆదివాసులు, పట్టణాలు, పర్యాటక, పర్యావరణ సంఘాల ప్రతినిధులతో ప్రాంతీయ పౌర సలహా మండలి ఏర్పడి, పైపులైన్‌ను నడిపే ఆల్యెస్కా కంపెనీతో 1990 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకుంది. పైపులైన్‌లో చమురు పారుతున్నంతకాలం ఏటా నిధులివ్వడం కంపెనీ బాధ్యత కాగా, మండలి పనిలో జోక్యం చేసుకొనే అధికారం మాత్రం దానికి లేదు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన చమురు కాలుష్య చట్టం, పరిశ్రమ, ప్రభుత్వ సిబ్బంది అలసత్వమూ ప్రమాదానికి ఒక కారణమని చాలామంది నమ్ముతున్నట్లు తన పాఠంలోనే పేర్కొని, ప్రిన్స్ విలియం సౌండ్‌కూ, అలాస్కాలోనే ఉన్న మరో సముద్రపు పాయ కుక్ ఇన్‌లెట్‌కూ ఇటువంటి మండళ్లను నిర్దేశించింది.

ఆజ్ఞాపించే అధికారం లేని ఈ మండలి బలమంతా సొంత శాస్త్రీయ అధ్యయనాల్లో, విసుగులేని పట్టుదలలో ఉంది. ట్యాంకర్లు రెండు పొరల ఉక్కు గోడలతో నిర్మితం కావాలని 1990 నాటి చట్టం విధించినప్పటికీ, రెండు టగ్ బోట్లు వెంట నడవాలన్న నిబంధన ఒంటిపొర నౌకలకే పరిమితం కావడంతో, పాత నౌకలు కనుమరుగైతే ఆ రక్షణా కనుమరుగయ్యే ప్రమాదం ఏర్పడింది. మండలి ఏళ్ల తరబడి వాదించిన ఈ విషయంపై 2010లో కాంగ్రెస్ చట్టం చేసి, రెండు పొరల నౌకలకూ ఆ నిబంధనను వర్తింపజేసింది. మంచుగడ్డలను పసిగట్టే రాడార్‌ను బ్లై రీఫ్ చేరువలో నెలకొల్పడంలోనూ మండలి పాత్ర ఉంది. నేడు వందలాది చేపల పడవల వారు చమురు తొలగింపులో ఏటా శిక్షణ పొందుతున్నారు.

ప్రిన్స్ విలియం సౌండ్‌లో హెర్రింగ్ చేపల సంఖ్య 1993లో కుప్పకూలి, నేటికీ పూర్వస్థితికి చేరలేదు. అందుకు చమురు ఎంతవరకు కారణమన్నది శాస్త్రవేత్తల మధ్య చర్చగానే మిగిలినా, ఒలికిన చమురులో కొద్దిభాగాన్నే తిరిగి తోడగలిగారన్నది నిర్వివాదం. కాబట్టి తీరజలాల్లో చమురు రవాణా సాగే ప్రతిచోటా, ఆ జలాలపై బతికేవారికి ప్రమాదానంతర పరిహారం ఒక్కటే చాలదు. ప్రమాదానికి ముందే ప్రశ్నించే హక్కు, అందుకు తగిన నిధులు, ఎవరి ఒత్తిడికీ లోనుకాని స్వతంత్రత చట్టబద్ధంగా దక్కితీరాలి.