మా ఇంటి మడత కత్తులు

బరంపురంలో మా ఇంట్లో ఆయుధపూజ నాడు కత్తిపీట, అడకత్తెరల పక్కన మూడు మడత కత్తులు పెట్టేవాళ్లం. ఇప్పుడు రెండే ఉన్నాయి. మూడోది ఏమైందో తర్వాత చెప్తాం.

అన్నిట్లోకీ పాతది ముత్తాతగారి గంటం కత్తి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఆయన గంజాంలో కరణం. ఇత్తడి పిడికి ఒక కొసన చిన్న ఇనప కత్తి, రెండో కొసన గంటం. రెండూ పిడిలోకి మడుచుకుంటాయి. మొలలో దోపుకుని తిరిగేవారట. తాటాకుల్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, కత్తితో అంచులు సరిచేసి, గంటంతో గీసేవారు. గీసింది కనబడాలంటే దీపం మసి నూనెలో కలిపి ఆకుమీద రాసి తుడవాలి. మసి గీతల్లో నిలబడుతుంది, మిగతాది పోతుంది. నారల వెంట తిన్నగా గీత లాగితే ఆకు చీలుతుంది. తెలుగు, ఒడియా అక్షరాలు రెండూ గుండ్రంగా ఉండడానికి ఇదే కారణమని చాలామంది చెప్తారు. ముత్తాతగారు ఆ ఒక్క గంటంతోనే రెండూ రాసేవారు. 1936 ఏప్రిల్ 1న బరంపురం కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్లింది, శ్రీకాకుళం వైపు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. మా చుట్టాల్లో సగం మంది అటు, సగం మంది ఇటు అయిపోయారు.

తాతగారి కాలానికి కాగితం, పెన్సిలు వచ్చేశాయి. ఆయన జేబులో ఉండేది షెఫీల్డ్‌లో చేసిన రాజర్స్ చాకు. దానిమీద నక్షత్రం, మాల్టా శిలువ గుర్తులు ఉండేవి. ఆ కంపెనీకి ఆ గుర్తు 1764 నుంచీ ఉంది. ఇంగ్లీషువాళ్లు ఇలాంటి చిన్న చాకుని పెన్‌నైఫ్ అంటారు, ఈక కలాల మొన చెక్కడానికి వాడేవారు కనక. అంటే మా ఇంట్లో రెండు తరాల జేబుకత్తులూ రాతకోతల వాళ్లవే! సాన రాయి మీద నాలుగుసార్లు రాస్తే చాలు, బ్రహ్మాండంగా తెగేది. కాకపోతే మామిడికాయ కోసి తుడవకపోతే నల్లబడేది, గోపాలపురం సముద్రపు గాలికి తుప్పు పట్టేది.

మూడోది చిన్నాన్న కొన్న ఎర్ర పిడి స్విస్ కత్తి. కార్ల్ ఎల్సనర్ 1897లో ఆ నమూనాకి హక్కు తీసుకున్నాడు. ఒకే స్ప్రింగుతో పిడికి రెండువైపులా పనిముట్లు అమర్చడం ఆయన తెలివి. తుప్పు పట్టదు, కత్తెర కూడా ఉంటుంది. రోజూ జేబులో పెట్టుకోడానికి నిజం చెప్పాలంటే ఇదే మేలు. తాతగారు వింటే ఒప్పుకోరు.

పోయింది రాజర్స్ చాకు. లండన్‌లో ఉన్న అన్నయ్య కొడుక్కి ఇద్దామని తీసుకెళ్తూ చేతిసంచిలో పెట్టాం. విమానాశ్రయంలో తీసేసుకున్నారు. పెద్ద పెట్టెలో వెయ్యాల్సింది, తప్పు మాదే. అక్కడి చట్టం ప్రకారం మడిచే కత్తి, మూడంగుళాల లోపు, తెరిచాక లాక్ పడనిది జేబులో ఉంచుకోవచ్చని ముందే కనుక్కున్నాం కూడా!

ఇప్పుడు వాడు గంటం కత్తి అడుగుతున్నాడు. వాడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. "తాటాకు మీద వాడి పేరు తెలుగులో గీసి చూపించమను, అప్పుడిస్తా" అంటోంది పిన్ని. వేసవికి వస్తానన్నాడు. ఆకులు ఉడకబెట్టి డాబా మీద ఆరేశాం.