కందెన నుంచి గ్రీజు గన్ను దాకా

మన సాఫ్టువేరు జనాలకి మెయింటెనెన్సు ప్రాజెక్టంటే ఎంత చిన్నచూపో తెలిసిందే. కొత్తగా కట్టేవాడిదే గొప్ప, ఉన్నదాన్ని నడిపించేవాడిది కాదు. కారు కింద దూరి గ్రీజు కొట్టే కుర్రాడి పని కూడా అలాంటిదే. కానీ ఆ పనికి పెద్ద చరిత్రే ఉంది.

మా కోనసీమలో అది ఎడ్లబండితో మొదలైంది. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ఇరుసుకి పూసేవారు. అదే కందెన. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్న సామెత అలా పుట్టిందే. ఆముదమేగా అని తీసిపారెయ్యకండి. మొదటి ప్రపంచయుద్ధంలో చాలా విమానాల ఇంజన్లకి పోసింది అదే. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరైన 'క్యాస్టర్' నుంచే వచ్చింది.

కారొచ్చాక ఇరుసుకి పూస్తే సరిపోలేదు. స్టీరింగు కీళ్ళు, కమాన్ల పిన్నులు, అన్నిటికీ గ్రీజు కావాలి. 1910ల్లో అమెరికాలో ఆర్థర్ గుల్‌బోర్గ్ ఒత్తిడితో గ్రీజు ఎక్కించే గన్ను తయారుచేశాడు. ఇప్పుడు మనం చూసే చిన్న నిపుల్‌కి ఆస్కార్ జెర్క్ 1929లో పేటెంటు పొందాడు. మన అంబాసిడర్ ముందు చక్రాల దగ్గర ఉండేవి ఇలాంటివే.

ఇందులో అసలు కిటుకు ఒకటుంది. గన్ను నొక్కితే కొత్త గ్రీజు లోపలికెళ్ళడమే కాదు, పాత గ్రీజు, దాంతోపాటు నీళ్ళూ ఇసకా బయటికొచ్చేస్తాయి. అంటే అది కడగడం కూడా. కాలవగట్ల మీద బురదలో తిరుగుతూ, వంతెన లేనిచోట పంటెక్కి గోదావరి దాటే బండికి అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అలాంటి కార్లతో సీలు చేసిన కీళ్ళు మామూలైపోయాయి. గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టేసి రబ్బరు తొడుగు వేసేస్తారు, మనం ముట్టుకునే పనే లేదు. హాయిగానే ఉంది. కాకపోతే ఆ తొడుగు చిరిగితే బురదనీళ్ళు లోపలికి పోతాయి, బయటికి నెట్టే దారి ఉండదు. కీలు మెల్లగా అరిగిపోతుంది. అప్పుడిక మార్చడమే. పట్టించుకోకపోతే ఓ రోజు ఊడిపోవచ్చు కూడా. పక్కనే కాలవున్న మా రోడ్ల మీద అది సరదా సంగతి కాదు.

ట్రాక్టర్లకీ, చాలా లారీలకీ ఇప్పటికీ నిపుల్సే. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు మోసే లారీ డ్రైవరుకి గ్రీజు సంగతి బాగా తెలుసు. తెలియనిది మనకే. నాకర్థమైనంతవరకూ సీలు వేసినంత మాత్రాన మెయింటెనెన్సు పోలేదు, మన కంటికి కనపడకుండా పోయిందంతే. ఈసారి సర్వీసింగుకి ఇచ్చినప్పుడు, కారు పైకి లేపాక కిందకెళ్ళి ఆ రబ్బరు తొడుగులు ఓసారి చూడండి. రెండు నిమిషాల పని.